పెండింగులో పూరీ

మావారికి జిల్లా ఉత్తమ విజ్ఞాన ఉపాధ్యాయ పురస్కారం పూరీ వల్ల తప్పిపోయిందని మా బంధువుల్లో ఒక మాట ఉంది. పూరీ తప్పేమీ లేదు. ఆ పూరీలకు పిండి కలిపినదాన్నీ వేయించినదాన్నీ నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మావారి పేరు కామేశం. మా ఊరి హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా సైన్సు చెబుతున్నారు. ఆ బడికి ల్యాబు లేదు. మెట్ల కింద ఒక ఇనప బీరువా ఉంది. అందులో స్ప్రింగు త్రాసు ఒకటి, బీకర్లు రెండు, ఎడమ చెయ్యి లేని ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి. మిగతా సామానంతా మా వంటింటిది. నేను పప్పు గరిటె కోసం వెతుకుతుంటే అది తొమ్మిదో తరగతిలో వేడి ఎలా పాకుతుందో చూపిస్తూ ఉంటుంది. ల్యాబు గది కావాలని ఆయన ఏటా జూన్‌లో ఒక దరఖాస్తు పెడతారు. ఏటా మార్చిలో ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వస్తుంది. ఆ జవాబులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో ఉన్నాయి. వరసలో పెట్టింది నేనే.

ఆ ఏడు ఆగస్టులో జిల్లా నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పురస్కారం గెలిచిన టీచరుకు శాలువా, ప్రశంసాపత్రంతో పాటు ఆ టీచరు పనిచేసే బడికి ఒక ల్యాబు కూడా ఇస్తారట. రెండు గ్యాసు పొయ్యిలు, నీళ్ల కుళాయిలు, నల్ల రాతి బల్లలు, ముప్పై స్టూళ్లు. మావారు ఆ జాబితాను నాకు రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి కుళాయిల దగ్గర ఆగి, “నాలుగు కుళాయిలు హైమా” అన్నారు. మా ఇంట్లో ఉన్నవి మూడు.

అంతకుముందు ఈ పురస్కారం ఎవరికి ఎందుకు ఇస్తారో ఎవరికీ తెలిసేది కాదు. తీసుకున్నవారికీ తెలిసేది కాదు. ఒక ఏడు రిటైరవబోతున్న ఆయనకిచ్చారు. ఒక ఏడు గ్రహాల మీద కోలాటం వేయించిన ఆవిడకిచ్చారు. ఈసారి అలా కాకుండా లెక్కగా ఇవ్వాలని కొత్తగా వచ్చిన సమన్వయాధికారి పట్టాభిరామయ్య గారు నిశ్చయించారు. ఆయన ఇంతకుముందు వేరే శాఖలో ఉండి, పదకొండు వేల పెండింగు ఫైళ్లను నలభై రోజుల్లో తేల్చేసిన మనిషి. విద్యాశాఖకు రాగానే ఇక్కడ పెండింగు ఏముందని అడిగారట. ఫైళ్లు పెద్దగా లేవన్నారు. మరి పిల్లల దగ్గర ఏముంటాయని అడిగారట. సందేహాలుంటాయన్నారు.

సర్క్యులర్‌లో ఇలా ఉంది: ‘విద్యార్థి మనస్సునందు సందేహము అపరిష్కృతముగా నిలిచియుండుట బోధనా వైఫల్యమునకు నిదర్శనము. కావున ప్రతి విజ్ఞాన ఉపాధ్యాయుడు సందేహముల రిజిస్టరు నిర్వహించవలెను. ప్రతి సందేహమును డెబ్బదిరెండు గంటలలోపు నివృత్తి చేసి, విద్యార్థి సంతకము తీసుకొనవలెను. జనవరి ఆఖరునాటికి పెండింగు శూన్యముగా ఉన్నవారు మాత్రమే పురస్కారమునకు అర్హులు.’

మావారి చేతిరాత మందుల షాపు వాళ్లు కూడా చదవలేరు. అందుకని రిజిస్టరు ఫెయిర్ చేసే పని నాకొచ్చింది. రోజూ సాయంత్రం భోజనాల బల్ల మీద అది తెరిచేదాన్ని. సర్కారు పుస్తకంలో తమ పేరు పడుతోందని తెలిశాక పిల్లలు ఎగబడి అడిగారు. బల్లి గోడ మీంచి ఎందుకు పడదు. పడినప్పుడు ఎందుకు పడుతుంది. ఉల్లిపాయ కోస్తే మా నాన్నకి ఏడుపు రాదెందుకు. ఈ మూడోదానికి మావారు ఆ నాన్నని పిలిపించి ఎదురుగా ఉల్లిపాయ కోయించారు. ఆయనకీ వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ కోయలేదని తేలింది. పిల్లవాడు సంతకం పెట్టాడు, నివృత్తి తేదీ పడింది.

నవంబరు నాటికి రెండు వందల పన్నెండు సందేహాలు, రెండు వందల పన్నెండు సంతకాలు. రెండు వందల పదమూడోది ఎస్తేరు అడిగింది.

ఎస్తేరు ఎనిమిదో తరగతి. వాళ్లమ్మ సువార్తమ్మ బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. పొద్దున్న బడికి వచ్చేముందు ఈ పిల్ల రెండు వందల పూరీలు వత్తి వస్తుంది. మరుగుతున్న నీళ్ల పాఠం జరుగుతుండగా లేచి నిలబడిందట.

“సార్, పూరీ ఎందుకు పొంగుద్దండి?”

“పిండిలో నీళ్లుంటాయి కదమ్మా. నూనె వేడికి ఆవిరవుతాయి. ఆ ఆవిరి పొంగిస్తుంది.”

“అది నాకు తెలుసండి. పిండంతా తడే కదండీ. ఆవిరి అంతటా ఉండాలి. సరిగ్గా మధ్యలోకే వచ్చి రెండు పొరలు ఎందుకు చేసుద్దండి? అందులోనూ ఒక పొర పలచన, ఒక పొర మందం. నేనేమో రెండువైపులా ఒకేలా వత్తుతానండి.”

మావారు సుద్దముక్క కింద పెట్టి, “నాకు తెలీదమ్మా. కనుక్కుందాం” అన్నారు.

ఈ మాట ఆయన పంతొమ్మిదేళ్లుగా అంటూనే ఉన్నారు. రిజిస్టరు వచ్చాక అనడం ఇదే మొదలు.

డెబ్బై రెండు గంటలు గడిచాయి. హెడ్మాస్టరు వరహాలరావు గారు మా ఇంటికొచ్చారు. మంచాయన. తలుపు దగ్గర చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టారు.

“కామేశం గారూ, ఆవిరి అని రాసేసి ఆ పిల్లచేత ఒక సంతకం పెట్టించండి. పూరీ సంగతి మనకెందుకండీ. సిలబస్‌లో లేదు.”

“ఆవిరి అని ఆ పిల్లకి తెలుసండి.”

“తెలిస్తే ఇంక సందేహం ఎక్కడిదండీ?”

“తెలిసినందుకే వచ్చిందండి.”

వరహాలరావు గారు నా వైపు తిరిగారు. “మీరైనా చెప్పండమ్మా. మీరు పూరీలు చేస్తారు కదా.”

పాతికేళ్లుగా చేస్తున్నాను. హోమ్ సైన్సులో డిగ్రీ కూడా ఉంది. ఒక పొర పలచగా, ఒక పొర మందంగా ఉంటుందని ఆ పిల్ల అడిగేదాకా నేను గమనించలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన కాఫీ తాగకుండా వెళ్లిపోయారు.

ఆదివారం ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. వస్తూ వాళ్ల అప్పడాల కర్ర తనే తెచ్చుకుంది. మాది కొంచెం వంకర అని ఒకసారి చూసి చెప్పేసింది. నిజమే. పిండి నేను కలిపాను, తను వత్తింది, మావారు గడియారం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. ప్రతి పూరీ మీదా ఒకవైపు పసుపు బొట్టు పెట్టి, ఆ వైపు పైకి ఉండేలా నూనెలో వేశాం. వేగాక చింపి, పలచటి పొర ఏవైపు వచ్చిందో రాశాం. ముప్పై పూరీల్లో ఇరవై ఒకటింటికి పలచటి పొర బొట్టు వైపు వచ్చింది. ఆరింటికి రెండోవైపు. మూడు పొంగలేదు.

“ఆ మూడూ మధ్యలో నేను లేచి వత్తినవి” అన్నారు మావారు.

“తెలుస్తూనే ఉందండి” అంది ఎస్తేరు.

“మరి ఆ ఆరు ఎందుకు తిరగబడ్డాయి?” అని అడిగాను. ఇద్దరూ నన్ను చూశారు. నేను కూడా సందేహంలో పడ్డానని నాకప్పుడు తెలిసింది. కాకపోతే నా పేరు రాసే కాలమ్ రిజిస్టర్లో లేదు. ముప్పై పూరీలూ ఇరుగుపొరుగు తిన్నారు. చింపిన పూరీలు పంచిపెట్టే ఇల్లు మాదొక్కటే అని ఆ వారమంతా వీధిలో అనుకున్నారు.

డిసెంబరులో పట్టాభిరామయ్య గారే స్వయంగా పెండింగు సమీక్షకు బడికి వచ్చారు. ఫెయిర్ కాపీ ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉండిపోయాను. ఆయన సన్నగా, శుభ్రంగా ఉన్నారు. కోపం లేని మనిషి. రిజిస్టరులో ఒక్కొక్క పేజీ తిప్పుతూ, సంతకాలున్నచోట తల ఊపుతూ, రెండు వందల పదమూడు దగ్గర ఆగారు.

“ఇది ఎన్నాళ్లుగా పెండింగు?”

“ఇరవై ఆరు రోజులండి” అన్నారు వరహాలరావు గారు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెబుతున్నట్టు.

ఎస్తేరును పిలిపించారు.

“అమ్మాయీ, నీ ఒక్క సందేహం మూలంగా ఈ మండలం నివృత్తి శాతం నూరు నుంచి తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిదికి దిగజారింది. నీకు ఆ విషయం అవగాహనలో ఉందా?”

“లేదండి.”

“ఇప్పుడు కలిగిందా?”

“కలిగిందండి.”

“అయితే నివృత్తి అయినట్టే కదా.”

“అది వేరే సందేహమండి. అదైతే రాసుకుని సంతకం పెట్టమంటే పెడతానండి.”

పట్టాభిరామయ్య గారు నవ్వలేదు. ఆ సూచన సబబుగానే ఉందని, దాన్ని రెండు వందల పద్నాలుగుగా నమోదు చేయించి, అక్కడికక్కడే నివృత్తి చేయించారు. తరవాత మావారితో అన్నారు.

“మాస్టారూ, క్షేత్రస్థాయిలో పరిష్కారం కాని సందేహాన్ని పైస్థాయికి నివేదించే వెసులుబాటు మార్గదర్శకాల్లో ఉంది. దాన్ని వినియోగించుకోండి.”

అలా పూరీ పైకి వెళ్లింది. మండలం వాళ్లు ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి డివిజనుకు పంపారు. డివిజను వాళ్లు పూరీ కొలతలు, పిండి రకం, సదరు విద్యార్థిని ఆధార్ నకలు జతపరచమన్నారు. జతపరిచాం. జిల్లా నుంచి ఇలా వచ్చింది: ‘ప్రస్తుత సందేహము ఆహార పదార్థమునకు సంబంధించినదగుటచే మధ్యాహ్న భోజన విభాగమునకు బదలాయించడమైనది.’ పదిరోజుల తరవాత మధ్యాహ్న భోజన విభాగం జవాబిచ్చింది: ‘మెనూనందు పూరీ లేదు. కావున సందేహము ఉత్పన్నము కాదు.’

వరహాలరావు గారు ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చారు. “ఉత్పన్నమే కాదన్నారు కామేశం గారూ. గండం గడిచింది.”

“మరి ఆ పిల్లకి ఉత్పన్నమైంది కదండీ.”

ఇంతలో తతిమ్మా బళ్లలో పని బాగా సాగుతోందని తెలుస్తూ వచ్చింది. ఒకచోట ముందుగా ఆమోదించిన నలభై సందేహాల జాబితా అచ్చు వేయించి, అందులోవే అడగాలన్నారట. ఇంకోచోట సంతకం పెట్టి ఆ తరవాత అడగమన్నారట, టైము కలిసొస్తుందని. జిల్లాలో ‘సందేహరహిత బోధన’ మీద రెండు రోజుల శిక్షణ పెట్టారు. మావారు వెళ్లారు. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగితే అరవై మందిలో ఒక్కరూ చెయ్యెత్తలేదట. శిక్షణ విజయవంతమైందని ప్రకటించారు.

జనవరి ఆఖరి ఆదివారం. నేను మళ్లీ పూరీలకే పిండి కలుపుతున్నాను. తిరగబడ్డ ఆ ఆరింటి సంగతి నాకింకా నిద్ర పట్టనివ్వడం లేదు. ఎస్తేరు వచ్చింది. అప్పడాల కర్ర తేలేదు. ఒక కాగితం తెచ్చింది. బల్ల మీద పెట్టి పైట సర్దుకున్న పెద్ద మనిషిలా నిలబడింది.

అది ‘సందేహ ఉపసంహరణ పత్రము’. ‘క్రింద సంతకము చేసిన నేను, క్రమసంఖ్య 213లో గల నా సందేహమును, ఎవరి ఒత్తిడియు లేకుండ, స్వబుద్ధితో వెనుకకు తీసుకొనుచున్నాను.’ కింద పిల్లకి ఒక గీత, తల్లికి ఒక గీత. తల్లి గీత మీద సువార్తమ్మ సంతకం అప్పటికే ఉంది.

“హెడ్మాస్టరు గారు ఇచ్చారండి,” అంది. “నేను పెడితే మన బడికి ల్యాబు వచ్చుద్దంటండి. నాలుగు కుళాయిలంట.”

మావారు ఆ కాగితం చాలాసేపు చదివారు. అందులో అంత ఏమీ లేదు. ఆయన జూన్ దరఖాస్తుల ఫైలు అదే బల్ల చివర ఉంది.

“తెలిసిందా అమ్మా, పూరీ సంగతి?”

“తెలవలేదండి.”

“మరి పెట్టేస్తావా?”

“పెడతానండి. పూరీ ఎప్పుడైనా ఉంటది. ల్యాబు మళ్లీ ఇస్తారో ఇవ్వరో.” కొంచెం ఆగి, “నేను అడక్కుండా ఉంటే ఈపాటికి వచ్చేసుండేది కదండీ. పిల్లలంతా అదే అంటన్నారు” అంది.

మావారు కళ్లజోడు తీసి తుడిచారు. ల్యాబు కావాలని ఆయనకు ఎంత ఉందో నాకు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు కాబట్టే వచ్చింది. ఆయన కలం కోసం జేబు తడుముకోవడం చూశాను. ఆ పిల్లకు ఇవ్వడానికో, దాచడానికో ఇప్పటికీ తెలీదు. నేనూ అడగలేదు.

పొయ్యి మీద నూనె కాగింది. మొదటి పూరీ పొంగింది. దాన్ని తీసి పెట్టడానికి చేతికందిన కాగితం పళ్లెంలో పరిచి, దానిమీద పెట్టాను. కాగితం మంచిది, సర్కారు కాగితం. నూనె చక్కగా పీల్చింది. ‘స్వబుద్ధితో’ అన్నచోట అద్దంలా అయిపోయి కింద పళ్లెం కనబడింది.

“అయ్యో, మేడం గారండి,” అంది ఎస్తేరు.

“చూసుకోలేదమ్మా” అన్నాను. పాతికేళ్ల కాపురంలో నేను చూసుకోకుండా ఏ కాగితం మీదా ఏదీ పెట్టలేదని మావారికి తెలుసు. ఆయన కలం జేబులో పెట్టేసి, “ఆ పూరీ ఇలా ఇవ్వు, ఏవైపు పలచగా ఉందో చూద్దాం” అన్నారు.

ఫిబ్రవరిలో సైన్సు దినోత్సవం నాడు జిల్లా కేంద్రంలో సభ పెట్టారు. మేమూ వెళ్లాం. పెండింగు శూన్యంగా ఉన్న బళ్లు అరవై నాలుగు తేలాయట. అంతమందిలో ఒకరిని ఎంచడం ఎలా అన్నదానికి పట్టాభిరామయ్య గారు మైకులో వివరణ ఇచ్చారు.

“సందేహాన్ని నివృత్తి చేయడం ఉత్తమం. అసలు సందేహమే తలెత్తకుండా బోధించడం సర్వోత్తమం. ఆ ప్రాతిపదికన, సంవత్సరం పొడవునా ఒక్క సందేహమైనా నమోదు కాని, ఒక్కటైనా పెండింగు లేని ఏకైక పాఠశాలను కంప్యూటర్ నిష్పాక్షికంగా ఎంపిక చేసింది.”

అది మా ఊరికి కాలవ అవతల ఉన్న హైస్కూలు. అక్కడి హెడ్మాస్టరు సూర్యప్రకాశం గారు ముందు వరసలో లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు.

“అయ్యా, ఒక్క మనవి. మా బళ్లో సైన్సు టీచరు పోస్టు మూడేళ్లుగా ఖాళీ అండి.”

వేదిక మీద కాసేపు గుసగుసలు నడిచాయి. మార్గదర్శకాలు తెప్పించి చూశారు. పురస్కారం పోస్టుకే తప్ప వ్యక్తికి కాదని, పోస్టు మంజూరై ఉంటే చాలని, అది భర్తీ అయి ఉండాలని ఎక్కడా లేదని తేలింది. ఒక కుర్చీ తెచ్చి మధ్యలో వేశారు. పట్టాభిరామయ్య గారు ఆ కుర్చీకి శాలువా కప్పి, చేతి మీద ప్రశంసాపత్రం పెట్టి, నమస్కారం చేశారు. ఫొటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది మా ఆయనే. “కుర్చీ బాగుంది హైమా, చేతులున్నాయి” అన్నారు. మా బళ్లో ఆయన కుర్చీకి లేవు.

జూన్ నాటికి కాలవ అవతల ల్యాబు తయారైంది. అప్పుడు కొత్త చిక్కొచ్చింది. ల్యాబుకు తాళం తీసే అధికారం సైన్సు టీచరుకే ఉంది. పోస్టు భర్తీ చేద్దామంటే పురస్కారం పొందిన ఖాళీని రద్దు చేయడం భావ్యమా అని ఎవరో ఫైల్లో రాశారట. చివరికి మధ్యేమార్గంగా, పోస్టును ఖాళీగానే ఉంచి, వారానికి మూడు రోజులు మా ఆయన్ని అక్కడికి పంపుతూ ఉత్తర్వులు ఇచ్చారు. మా బడి పిల్లలు శనివారాలు కాలవ దాటి వచ్చి ల్యాబు వాడుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది పట్టాభిరామయ్య గారు సొంత చేత్తో రాసింది. ఎందుకు రాశారో ఎవరికీ తెలీదు. నేనైతే ఆ మనిషికీ ఇంట్లో ఎవరో పూరీలు చేసి ఉంటారనుకుంటాను.

మొదటి శనివారం నేనూ వెళ్లాను, బాణలి మోయడానికి. నల్ల రాతి బల్లల మీద ఇంకా ప్లాస్టిక్ కవర్లున్నాయి. శాలువా కప్పిన కుర్చీ ఒక మూల గాజు అద్దాల వెనక ఉంది. మావారు ముందు నాలుగు కుళాయిలూ ఒక్కొక్కటే తిప్పి చూశారు. నీళ్లు వచ్చాయి. సూర్యప్రకాశం గారు గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నారు.

“మాస్టారూ, మీరు పాఠం చెప్పుకోండి. కాకపోతే మా బడికి పురస్కారం ఉంది. పిల్లలచేత ఏదీ అడిగించకండి. మూడేళ్లు కాపాడుకొచ్చాం.”

మూడేళ్లుగా సైన్సు టీచరు లేని ముప్పై మంది పిల్లలు స్టూళ్ల మీద నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఎస్తేరు పొయ్యి వెలిగించింది. ఈ ఆరు నెలల్లో తను నాలుగు వందల పూరీలకు బొట్లు పెట్టింది. నూనె సరిగా కాగకముందే వేసినవే తిరగబడుతున్నాయని తనే పట్టుకుంది. మా రిజిస్టర్లో రెండు వందల పదమూడుకు ఎదురుగా, సంతకం పెట్టేచోట, ‘సగం’ అని రాసింది. సగానికి కంప్యూటర్లో చోటు లేదని జిల్లా నుంచి ఫోను వచ్చింది. సగం తెలిసినదాన్ని పూర్తిగా ఎలా రాయమంటారని ఫెయిర్ కాపీ రాసే మనిషిగా నేనే అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు.

పూరీలు పొంగాయి. పిల్లలు మెడలు చాచారు, నోళ్లు విప్పలేదు. ఎస్తేరు ఒక పూరీ కాగితంలో పెట్టి సూర్యప్రకాశం గారికి ఇచ్చింది. ఆయన మొహమాటంగా అందుకుని ఊదుకుంటూ నిలబడ్డారు. ఆయన చేతిలోది మెల్లగా అణిగిపోయింది. బల్ల మీద పళ్లెంలో ఉన్నవి మాత్రం అణగలేదు. ఆయన తన పూరీ చూసుకున్నారు, పళ్లెం వైపు చూశారు, గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వచ్చారు.

“మాస్టారూ, అన్నీ ఒకే బాణలిలోంచి తీశారు కదా. ఇదొక్కటే ఎందుకు అణిగిపోయిందంటారు?”

గది మొత్తం ఆయన వైపు తిరిగింది. ఎస్తేరు చెయ్యి తుడుచుకుని, ల్యాబు బీరువాలోంచి ఆ బడి సందేహాల రిజిస్టరు తీసింది. అట్ట విప్పితే ఎప్పుడూ విప్పని పుస్తకం చేసే చప్పుడు చేసింది. మొదటి గీత దగ్గర కలం పెట్టింది.

“పేరు చెప్పండి సార్.”

సూర్యప్రకాశం గారు గాజు అద్దాల వెనక ఉన్న కుర్చీని ఒకసారి చూశారు. తరవాత జేబులోంచి పెన్సిలు తీసి ఆ పిల్లకు ఇచ్చారు.

“దీంతో రాయమ్మా,” అన్నారు.